ముప్పై ఎనిమిది ఇంచుల వంటగట్టు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ముప్పై ఏళ్లు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్ పని చేసినవాడిని. శ్మశానాల పక్కన స్తంభాలెక్కాను, పాడుబడ్డ నవాబుల దేవిడీల్లో మీటర్లు విప్పాను. మనిషిని చంపేది తెగిన తీగే గాని తెల్లచీర కాదని కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పేవాడిని. మా అక్క దిష్టి తీసి గుమ్మంలో వేసిన నిమ్మకాయను కాలితో తన్ని, ఆమె చేత గంటసేపు తిట్లు తిన్నాను కూడా.

ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది మా వంటింటి సంగతి.

మా ఇల్లు హైదరాబాద్ పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక గల్లీ చివర ఉంటుంది. మా నాయన కొన్న పాత ఇల్లు. ముందు చిన్న వాకిలి, వెనక వరుసగా మూడు గదులు, చివర వంటిల్లు. కింద షాబాద్ బండలు, గోడకు కడప బండల అరలు, ఒక్క చిన్న కిటికీ. ఆ కిటికీ కింద వంటగట్టు. అది మా అమ్మ కోసం పోయించింది. అమ్మ పొట్టి మనిషి. కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని వండినామె, గ్యాస్ వచ్చాక నిలబడి వండాల్సి వచ్చింది. ఆమెకు అందేట్టు నాయన దాన్ని ఇరవై ఎనిమిది ఇంచుల ఎత్తులో పోయించాడు.

నా భార్య సరళ పొడుగు. పెళ్లయి వచ్చిన వారానికే అడిగింది, గట్టు జర ఎత్తు చేయించమని. వంగి వంగి నడుం లాగేస్తుందని. అమ్మ ఉండగా ఆమె గట్టును పగలగొట్టడం బాగుండదని ఊరుకున్నాను. అమ్మ పోయాక, సంవత్సరీకం అయ్యేదాకా ఇల్లు కదిలించొద్దని అక్క చెప్పింది. సంవత్సరీకం అయ్యాక మూఢం వచ్చింది. మూఢం పోయాక నాకు తీరిక దొరకలేదు. నిజం చెప్పాలంటే తీరిక లేక కాదు, పట్టింపు లేక. నేను వంటింట్లోకి మంచినీళ్లకు తప్ప పోయేవాడిని కాదు. నడుం నాది కాదు కదా.

అలా ఇరవై రెండేళ్లు. సరళ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఒక చేత్తో గరిటె తిప్పేది. నాకు గుర్తున్న సరళ అలాగే ఉంటుంది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే. అప్పుడప్పుడు తనే నవ్వుతూ దెప్పేది. "ఊరంత కరెంటు ఇస్తవు, ఇంట్ల నాలుగు ఇటుకలు పెట్టియ్యరాదు?" అనేది. నేను కూడా నవ్వేవాడిని. ఇప్పుడు తలుచుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అసలు తప్పు ఇక్కడే జరిగింది. రెండేళ్ల కింద ఆ నొప్పి తీరు మారింది. రాత్రి పడుకున్నా నొప్పే, కూర్చున్నా నొప్పే. కానీ మా ఇంట్లో నడుం నొప్పి అంటే గట్టే. సరళ అదే అనుకుంది, అక్క అదే అన్నది, నేనూ అదే అన్నాను. గల్లీ డాక్టరుకు కూడా మేమే చెప్పాం, గట్టు కిందికుంది సార్ అని. ఆయన బెల్టు రాసిచ్చాడు. జండూబామ్ డబ్బాలు ఎన్ని అయిపోయాయో లెక్కలేదు. చివరికి ఒకరోజు కుక్కర్ దించబోయి అక్కడే కూలబడి లేవలేకపోతే మలక్‌పేటలో ఒక దవాఖానకు తీసుకుపోయాను. స్కానింగ్ చేశారు. వెన్నుపూసలో గడ్డ. అప్పటికే పాకిపోయింది.

ఎప్పటి నుంచి నొప్పి అని పెద్ద డాక్టరు అడిగాడు. నేను వంటగట్టు గురించి మొదలుపెట్టాను. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టి నన్నే చూశాడు. పాత నొప్పి వేరు, ఇది వేరు, మీరు రెండూ ఒకటే అనుకున్నారు అన్నాడు. నేను గట్టు ఎప్పుడో ఎత్తు చేయించి ఉంటే పాత నొప్పి పోయేది. కొత్త నొప్పి వచ్చిన రోజే తెలిసిపోయేది. ఈ మాట ఆయన అనలేదు. నాకు నేనే అనుకున్నాను, ఇవాళ్టికీ అనుకుంటున్నాను.

దవాఖానలో చేరిన నెలకు సరళ కాళ్లు పడిపోయాయి. మంచం మీద అటు తిరగాలన్నా ఇద్దరు పట్టాలి. జుట్టు పలచబడితే తలకు బట్ట చుట్టుకునేది. ఆ రోజుల్లో నాకు ఒకటే పిచ్చి పట్టింది. వంటిల్లు మొత్తం కొత్తగా చేయించాలి. గట్టు, అరలు, సింకు, పైపులు, అన్నీ. తను ఇంటికొచ్చేసరికి తయారుగా ఉండాలి. వంటిల్లు తయారైతే తను రాక తప్పదు అన్నట్టు నమ్మాను. దయ్యాలను నమ్మని మనిషి సిమెంటును అట్లా నమ్మాడు.

అక్క వద్దన్నది. "ఇంటామె మంచంల ఉన్నప్పుడు పొయ్యి కదిలిస్తరా ఎవరన్న? నీకు దిమాక్ ఉన్నదా?" అని దవాఖాన వరండాలోనే లొల్లి పెట్టింది. నేను తగ్గలేదు. నీ మాటలు వినే ఇంతదాకా తెచ్చుకున్నానని అరిచాను. నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పంపింది.

ముందు ఒక మాడ్యులర్ కిచెన్ షాపుకు పోయాను. అక్కడి పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. నెలకు బియ్యం ఎంత, మిక్సీ ఎక్కడ పెడతారు, పప్పుల డబ్బాలు ఎన్ని, పెద్ద గిన్నెలు పైనా కిందా? ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇరవై రెండేళ్లు తిన్నాను, ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో తెలియదు. రంగురంగుల బొమ్మల పుస్తకం ఒకటి ఇస్తే తెచ్చి సరళకు చూపించాను. తను ఒక్క కాగితం తిప్పి ముఖం అటు పెట్టుకుంది. "ఇప్పుడెందుకయ్య ఇవన్ని" అన్నది. అప్పటికి ఆ మాట తన దగ్గర వదిలేశాను.

చివరికి పురానాపూల్‌లో గౌస్ భాయ్ అనే మేస్త్రీని పట్టుకున్నాను. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు, పని చక్కగా చేస్తాడని పేరు. ఆయనకొక పట్టింపు ఉంది. వండే మనిషిని గోడ పక్కన నిలబెట్టి మోచెయ్యి మడవమంటాడు. మనిషిని తాకడు. మోచెయ్యి ఎదురుగా గోడ మీద పెన్సిల్‌తో గీత పెడతాడు. ఆ గీతకు ఆరు ఇంచులు కింద గట్టు. ఇంటామె నిలబడనిదే గట్టు పోయనని ముందే చెప్పేశాడు. మా ఆమె దవాఖానలో ఉంది, నిలబడలేదని చెప్పాను. అయితే వచ్చినాకనే చేద్దాం భాయ్ అన్నాడు. బతిమాలి బతిమాలి ఒప్పించాను, కొలత నేనే తెస్తానని.

ఆ మధ్యాహ్నం సరళ మందుల నిద్రలో ఉండగా టేపు తీసుకుని దుప్పటి పక్కకు జరిపి కొలిచాను. మడమ నుంచి మోచేతి దాకా నలభై ఇంచులు. ఆ కాలు ఎంత సన్నబడిందో అప్పుడే సరిగ్గా చూశాను. అక్కడే కూర్చుని ఏడ్చాను. నలభైలో ఆరు పోతే ముప్పై నాలుగు. కాగితం మీద రాసి, ఇంటి తాళంతో పాటు మా పక్కింటి రెహానా ఆపాకు ఇచ్చాను. మేస్త్రీ వస్తే తాళం తీసి కాగితం ఇవ్వమన్నాను.

మేస్త్రీ వచ్చింది ఒక గురువారం, పొద్దున పదకొండుకు. ఆ రోజు నేను ఎనిమిది నుంచి సరళ మంచం పక్కనే ఉన్నాను. బాత్‌రూముకు కూడా పోలేదు. తను పదిన్నరకు సూది వేశాక నిద్రపోయింది. అక్క పన్నెండుకు అన్నం తెచ్చింది. ఇంచుమించు అదే సమయానికి సరళ కళ్లు తెరిచింది. నీళ్లడిగితే చెంచాతో పోశాను. తర్వాత "కొలతలైనయ్. పోయి చాయ్ తాగి రా" అన్నది. ఏం కొలతలే అన్నాను. అప్పటికే మళ్లీ కళ్లు మూసుకుంది. మేస్త్రీ ఆ రోజు వస్తున్నాడని తనకు నేను చెప్పలేదు. నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నదేమో, మందుల మత్తులో అన్నదేమో అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఇంటికి పోయాను. గౌస్ భాయ్ వంటింట్లో నీళ్లు నింపిన సన్న పైపు పట్టుకుని గోడకు మట్టం చూస్తున్నాడు. గోడ మీద పెన్సిల్ గీతలు. నా టేపు తీసి చూశాను. నలభై దగ్గర మోచేతి గుర్తు, ముప్పై నాలుగు దగ్గర ఒక గీత. దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన ముప్పై ఎనిమిది దగ్గర ఇంకొక గీత. గోడ పొడుగునా అదే గట్టిగా గీసి ఉంది.

"గిదేంది గౌస్ భాయ్? ముప్పై నాలుగని రాసిచ్చిన కదా?" అన్నాను.

"రాసిచ్చినవ్ భాయ్, బరాబరే ఉండె. భాభీది కొలిస్తే గంతే వచ్చింది. ఆమెనే వద్దన్నది."

"ఎవరు వద్దన్నది?"

"భాభీ. మీ ఇంటామె."

నాకు ముందు కోపం వచ్చింది. మజాక్ చేస్తున్నావా అని గట్టిగానే అన్నాను. ఆయన తెల్లబోయి చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. రెహానా ఆపా తాళం తీసి పోయాక తను సామాను దించుకుని లోపలికి వస్తే, కిటికీ దగ్గర ఒకామె నిలబడి ఉందట. పొడుగు మనిషి, తలకు బట్ట. దవాఖాన నుంచి వచ్చిందనుకున్నాడు. "ఇంటామె నిలబడాలని నేనే జిద్దు చేసిన కదా భాయ్. నా మాట కోసమే తోల్కొచ్చినవేమో అనుకున్న" అన్నాడు. కొలుస్తానంటే గోడ పక్కకు వచ్చి మోచెయ్యి మడిచిందట. ముప్పై నాలుగు గీత పెట్టాక, నాలుగు ఇంచులు పెంచమన్నదట. నీకు ఎత్తయితది బిడ్డా, భుజాలు గుంజుతయని ఈయన చెప్పాడట.

"నాకు కాదు, ఈడ మా ఆయన నిలబడతడు అన్నది" అన్నాడు గౌస్ భాయ్.

ఇంకా చెప్పింది. పొయ్యి ఎడమ దిక్కు పెట్టమన్నది, ఆయనది ఎడమ చేతివాటమని. నాది ఎడమ చేతివాటమే. అరలకు తలుపులు వద్దన్నది. "తలుపుల ఎనక ఉన్నయి ఆయనకు కానరావు, లొల్లి చేస్తడు" అన్నదట. ఈ మాట చెప్తూ గౌస్ భాయ్ కొంచెం నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

సరళ మలక్‌పేటలో ఉంది, మూడు వారాలుగా లేవలేదు, పొద్దటి నుంచి నేను పక్కనే ఉన్నానని చెప్పాను. ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. "తౌబా, తౌబా" అని రెండు చెంపలూ తాకాడు.

నేను ఊరుకోలేదు. తీగలో కరెంటు ఎక్కడ పోయిందో వెతికినట్టు ఒక్కొక్కటే వెతికాను. రెహానా ఆపాను అడిగాను. "నేను తాళం తీసి ఒచ్చేసిన అన్నా. కుట్టు మిషన్ మీద కూసున్న. మేస్త్రీ మాటలు ఇనొచ్చినయ్, ఫోన్ల మాట్లాడుతుండేమో అనుకున్న" అన్నది. ఆపా పొట్టిగా ఉంటుంది, మా అమ్మ అంత. అక్కడ నిలబడింది ఆమె కాదు. అక్క ఆ టైముకు టిఫిన్ డబ్బాతో బస్సులో ఉంది. సరళ ఫోన్ నా జేబులోనే ఉంది, అందులోంచి కాల్ ఏదీ పోలేదు. మేస్త్రీ మా ఆమెను అంతకు ముందు చూడలేదు, ఫోటో కూడా చూడలేదు. నాది ఎడమ చేతివాటమని నేను చాయ్ తాగేటప్పుడు ఆయన గమనించి ఉండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. మోచేతి గుర్తు కూడా నేనిచ్చిన కాగితం నుంచి లెక్కేసి పెట్టుకోవచ్చు. కానీ ఐదుసార్లు నమాజు చేసే ముసలాయన, నాకు ఇట్లాంటి కథ కట్టి చెప్పి ఏం బాగుపడతాడు? తలుపులు వద్దన్న మాట ఎక్కడి నుంచి తెస్తాడు? ఇంట్లో ఏది కనబడకపోయినా నేను లొల్లి చేస్తానని తెలిసింది భూమ్మీద ఒక్క మనిషికే.

ఆ రోజు గౌస్ భాయ్‌కి ఒకటే చెప్పాను. ఆ గీత చెరిపెయ్, ముప్పై నాలుగుకే గట్టు పొయ్. ఆయన కళ్లు దించుకుని సరే అన్నాడు. నాకు భయం వేసి కాదు. ముప్పై ఎనిమిది అంటే అర్థం నాకు తెలిసిపోయింది. ఆ గట్టు దగ్గర తను నిలబడదు. నేను దాన్ని ఒప్పుకోదలుచుకోలేదు.

మర్నాడు పొద్దున దవాఖానలో సరళ తెలివిగానే ఉంది. ముఖం కడిగాను, తలకు బట్ట సరిచేశాను. ఏమీ అడగకూడదని ఇంటి నుంచి అనుకుంటూ వచ్చాను. నోరు ఆగలేదు.

"మేస్త్రీకి గట్టు ముప్పై నాలుగే పొయ్యమన్న సరళా. నీ కొలతకే" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోపం లేదు.

"వద్దయ్య. నీ నడుం పోతది" అన్నది.

నువ్వు ఇంటికి పోయినవా అని అడగాలా? మంచం మీదున్న మనిషిని ఆ మాట ఎట్లా అడుగుతారు? చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తనకు అంతా తెలుసనీ, తెలియనట్టు నటించింది నేనొక్కడినేననీ అప్పుడు అర్థమైంది. తర్వాత తొమ్మిది రోజులే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో వంటింటి మాట మేమిద్దరం ఎత్తలేదు.

పొయ్యి కదిలించినందుకే ఇట్లా అయిందని అక్క ఇప్పటికీ అంటుంది. నిజానికి అప్పటికి ఒక్క ఇటుక కూడా తియ్యలేదు. అయినా ఆమెతో వాదించను. నేను చేసిన తప్పు అది కాదు, కదిలించాల్సిన రోజుల్లో కదిలించకపోవడం. ఆ తప్పుకు శాంతి చేసే పంతులు ఎవరూ లేరు.

ఈసారి సంవత్సరీకం దాకా ఆగలేదు. రెండో నెలలోనే గౌస్ భాయ్‌ని పిలిచాను. ముప్పై ఎనిమిది పొయ్యమన్నాను. ఎడమ దిక్కు పొయ్యి, తలుపుల్లేని అరలు. పోసిన రోజు ఆయన నన్ను గోడ పక్కన నిలబెట్టి కొలిచాడు. గట్టు నాకు సరిగ్గా సరిపోయింది.

వంట నేర్చుకుంటున్నాను. పప్పు మాడుతుంది, అన్నం ముద్దవుతుంది. ఉప్పు కనబడుతుంది. నడుం మాత్రం ఒక్కరోజు కూడా నొయ్యలేదు, అదే నాకు ఏడుపు తెప్పిస్తుంది.

మొన్న సింకు కింద నీళ్లు కారుతుంటే గౌస్ భాయ్ వచ్చాడు. ఆ రోజు సంగతి అప్పటిదాకా మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఎంత ఆలోచించినా నాకు లెక్క కుదరలేదు, ఇక కుదురుతుందనే ఆశ కూడా లేదు. ఆత్మ అనడానికి నోరు రాదు, ఆ రోజు తను బతికే ఉంది. భ్రమ అందామంటే నా ముందే గట్టు ఉంది. ఆయన పని అయిపోయి చేతులు కడుక్కుంటుంటే, ఏడాది నుంచి గొంతులో ఉన్న ఒక్క మాట అడిగాను.

"గౌస్ భాయ్, ఆ రోజు ఆమె చెయ్యి యాడ పెట్టుకున్నది? నడుం మీద పెట్టుకున్నదా?"

ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ గుర్తు చేసుకున్నాడు.

"లేదు భాయ్. సీదా నిలబడ్డది. ఒకపాలి వంగి కింద మూల చూసింది, మళ్ల మంచిగనే లేసింది. నొప్పి గిప్పి ఏం లేకుండె."

ఇరవై రెండేళ్లు ఆ వంటింట్లో సరళ నొప్పి లేకుండా నిలబడటం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు గౌస్ భాయ్ చూశాడు.